ఓడిన తరువాత ఏం మిగులుతుంది: మాటల పోరుకు, మనసు గాయానికి ఏ ఆట నప్పుతుంది?

రెండేళ్ల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం మా భోజనాల బల్ల చుట్టూ కూర్చుని కాల్ ఆఫ్ కతుల్హూ ఆడుతున్నాం. తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కలిసి కథ నడిపే భయానక ఆట ఇది. కథను నడిపించేవారిని గేమ్ మాస్టర్ అంటారు. కథాకాలం 1920ల నాటిది. మా బృందంలోని ఒక స్నేహితురాలి పాత్ర పోలీసు కానిస్టేబులు. పాడుబడిన ఇంటి నేలమాళిగలో అతను చూడకూడనిది చూశాడు. భయాన్ని ఎంత తట్టుకోగలడో చూపే అంకె, అంటే మనోస్థైర్యం, ఆ రోజు అతనికి 52. మొదటి దెబ్బకు 7 పోయాయి. మెట్లెక్కి పైకి వచ్చేలోగా మరో 5 పోయాయి. ఒకే రోజులో అయిదో వంతు పోతే ఆ పాత్ర చికిత్స లేకుండా కోలుకోలేని స్థితికి చేరినట్టు లెక్క. గేమ్ మాస్టరును నేనే కాబట్టి అతణ్ణి ఆసుపత్రిలో చేర్పించేశాను. అప్పుడు సమయం మూడు గంటలు. ఆట ఏడింటికి ముగిసింది. ఆ నాలుగు గంటలూ ఆమె తన పాచికలను రంగుల వారీగా పేర్చుతూ, మళ్లీ కలిపేస్తూ కూర్చుంది.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, ‘మా కానిస్టేబుల్ ఎప్పటికి బాగవుతాడు?’ అని అడిగింది. పుస్తకం తీసి చూశాను. మానసిక చికిత్స ఫలిస్తే నెలకు 1 నుంచి 3 పాయింట్లు తిరిగి వస్తాయి. పోయిన 12 రావాలంటే అన్నీ కలిసివచ్చినా నాలుగు నెలలు, సగటున ఆరు నెలలు. మా కథ మొత్తం నడిచేది వారం రోజులు. అంటే ఆ కథలో అతను బాగవడు. ఆ మాట ఆమెతో చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తీరా ఆ రాత్రి ఏడో ఎడిషన్ నియమాలను నిదానంగా చదివితే తప్పు నాదేనని తెలిసింది. అదుపు తప్పే ఆ కాసేపూ గడిచాక పాత్ర పగ్గాలు మళ్లీ ఆటగాడి చేతికే ఇవ్వాలి. అతను బలహీనంగా ఉంటాడు, ఆపైన ఒక్క పాయింటు పోయినా మళ్లీ అదుపు తప్పుతాడు, కానీ ఆటలోనే ఉంటాడు. ఆసుపత్రి ఒక మార్గం మాత్రమే. చాలామంది గేమ్ మాస్టర్లు ఈ చోటే పొరబడతారు.

అప్పటి నుంచి ఏ ఆట పుస్తకం చేతికి వచ్చినా నేను మొదట చూసేది ఓడిన తరువాతి పేజీలను. ఎంత భయంకరంగా దెబ్బ తగులుతుందో, ఎంత చక్కగా వాదించవచ్చో ప్రతి పుస్తకమూ గొప్పగానే చెబుతుంది. వాదనలో ఓడినవాడి చేతిలో ఏం మిగులుతుంది, మనసు విరిగినవాణ్ణి ఎవరు నిలబెడతారు అన్న రెండు ప్రశ్నల దగ్గరే ఆటలు ఒకదానికొకటి దూరం జరుగుతాయి. ఈ పోలిక అంతా ఆ రెండు ప్రశ్నల చుట్టూనే రాస్తున్నాను.

మాటల పోరు

ఒప్పించడం, బెదిరించడం, బేరమాడడం, పంచాయతీలో వాదించడం, అన్నదమ్ముల తగాదా, అన్నీ దీని కిందికే వస్తాయి. అందరికీ తెలిసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో మొదలుపెడదాం. అందులో ఇరవై ముఖాల పాచిక ఒక్కసారి వేస్తే వ్యవహారం తేలిపోతుంది. అయితే 2014 నాటి గేమ్ మాస్టర్ పుస్తకంలో చాలామంది తెరవని ఒక చిన్న పట్టిక ఉంది. ఎదుటి పాత్ర వైఖరి స్నేహమా, తటస్థమా, శత్రుత్వమా అని ముందే తేల్చుకోవాలి. మీ పాచిక, నైపుణ్యం కలిపి 20కి చేరినా శత్రువైనవాడు తనకు ప్రమాదం లేని పనే చేసిపెడతాడు. స్నేహితుడు అదే 20కి పెద్ద ప్రమాదాన్నైనా నెత్తిన వేసుకుంటాడు. మాటల మధ్యలో ఎదుటివాడి ఆదర్శాన్నో బలహీనతనో పసిగట్టి దాన్ని తాకగలిగితే అతని వైఖరి కాసేపు ఒక మెట్టు మారుతుంది. ఈ పట్టిక వాడితే ‘పాచిక బాగా పడింది కాబట్టి రాజు తన సింహాసనం ఇచ్చేస్తాడు’ అనే గొడవ ఉండదు. ఈ ఆట ఆడేవారు ఇంకేమీ మార్చకపోయినా ఇది ఒక్కటి వాడుకలోకి తెచ్చుకోవాలని నా కోరిక.

దాని లోటు కూడా చెప్పాలి. ఓడినవాడికి ఏమీ మిగలదు, గెలిచినవాడికి ఖర్చూ లేదు. అందుకే ఒకరు విఫలమైతే పక్కవాడు ‘నేనూ ప్రయత్నిస్తాను’ అంటాడు, తరువాత మూడోవాడు అంటాడు. ఇంకో చిక్కు మాటకారితనం. సహజంగా బాగా మాట్లాడే ఆటగాడు పాచిక అవసరం లేకుండానే పని జరిపించుకుంటాడు. బిడియస్తుడు మాత్రం రాజదూత పాత్ర తీసుకుని కూడా నోరు విప్పలేక కూర్చుంటాడు. నేను పాటించే పద్ధతి ఇది: ఎవరైనా సరే ముందు రెండు విషయాలు మామూలు మాటల్లో చెప్పాలి. ఏం కావాలి, దానికోసం ఎదుటివారిలో దేన్ని తాకుతున్నారు. ‘కాపలావాడికి కూతురి పెళ్లి ఖర్చు గుర్తుచేస్తాను’ అంటే చాలు. నటించి చూపించడం ఇష్టమున్నవారి సంగతి.

దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున ఉన్నది బర్నింగ్ వీల్ ఆటలోని వాదయుద్ధం. నాకు బాగా ఇష్టమైనది ఇదే కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. మొదట ఇద్దరూ తమకు ఏం కావాలో ఒక్కో వాక్యంలో చెప్పాలి. పాత్రల సంకల్పబలం, మాటనేర్పు కలిపి ఇద్దరికీ కొంత వాదబలం లెక్కగడతారు. తరువాత ఎవరి కాగితం మీద వారు రహస్యంగా మూడేసి ఎత్తుగడలు రాసుకుంటారు. వాదన చెప్పడం, ఖండించడం, తికమక పెట్టడం, విషయం దాటవేయడం, రెచ్చగొట్టడం, ఎర వేయడం, ఒక్క దెబ్బతో తేల్చేయడం, ఇలా ఉంటాయి. ఒక్కొక్కటిగా బయటపెడతారు. పాత్ర నోటి మాట చెప్పాకే పాచిక వేయాలి.

ఇది మనకు కొత్తేమీ కాదు. అష్టావధానం చూసినవారికి వెంటనే పట్టుబడుతుంది. నిషిద్ధాక్షరి ఇచ్చే పృచ్ఛకుడు ప్రతి అక్షరానికీ అడ్డుపడతాడు, అప్రస్తుత ప్రసంగం చేసేవాడు పద్యం మధ్యలో దారి మళ్లిస్తాడు, అవధాని ఆ అడ్డంకుల మధ్యనే దారి చేసుకుంటాడు. మాటకు నియమం పెడితే మాట చచ్చిపోతుందని భయపడే ఆటగాళ్లకు నేను ఈ పోలికే చెబుతాను. నియమం ఉన్నందువల్లే అక్కడ మాట మెరుస్తుంది.

మా బల్ల దగ్గర జరిగిన ఒక పోరు చెబుతాను. అక్కాతమ్ముళ్ల పాత్రలు. ఏటి ఒడ్డున వారసత్వంగా వచ్చిన పిండి మర అమ్మేసి అప్పు తీర్చాలని అక్క పట్టు. అమ్మకూడదని తమ్ముడు. అక్క వాదబలం 6, తమ్ముడిది 7. తమ్ముడు మొదటి ఎత్తుగడగా దాటవేత రాసుకున్నాడు. కాగితం తిప్పి, గొంతు తగ్గించి, ‘అమ్మ పోయిన ఏడు ఆ తిరగలి రాళ్లు నువ్వే కడిగావు, గుర్తుందా?’ అన్నాడు. అక్క పాత్ర వేస్తున్న అబ్బాయి చేతిలో పాచికలు అలాగే ఉండిపోయాయి. చివరికి అక్కే గెలిచింది, కానీ ఆరులో రెండే మిగిలాయి. అంటే పెద్ద రాజీ ఇవ్వాలి. మర అమ్ముతారు, మరను ఆనుకున్న ఇల్లు తమ్ముడిదే, కొన్నవాడు మూడేళ్లపాటు ఆ ఊరి ధాన్యం కూలి లేకుండా ఆడించాలి. తమ్ముడు మనసు మార్చుకోనక్కరలేదు, ఒప్పందానికి కట్టుబడితే చాలు. ఆ తరువాతి ఆరు సెషన్లూ ఆ ఇంటి చుట్టూనే కథ నడిచింది.

ఇక్కడ ఓడినవాడి చేతిలో ఎంత మిగిలిందో చూడండి. గెలుపు ఎంత కష్టంగా వస్తే రాజీ అంత పెద్దది. కాబట్టి ఓడిపోతానని తెలిసినవాడు కూడా చివరి వరకూ పోరాడతాడు. ఖరీదు మాత్రం సమయం. ఆ ఒక్క దృశ్యానికి మాకు యాభై నిమిషాలు పట్టింది, మిగతా ఇద్దరు ఆటగాళ్లు అంతసేపూ ప్రేక్షకులే. ఆరుగురు కూర్చునే బల్ల మీద దీన్ని తరచుగా పెట్టకండి. నెలకు ఒకటి రెండు సార్లు, కథ మలుపు తిరిగే చోట మాత్రమే పెట్టండి.

ఈ రెండింటికీ నడుమ 2013లో వచ్చిన ఫేట్ కోర్ ఉంది. అందులో కత్తికి, మాటకు ఒకే యంత్రాంగం. రెచ్చగొట్టే నైపుణ్యంతో దాడి చేస్తారు, సంకల్పంతో కాచుకుంటారు, దెబ్బ మానసిక ఒత్తిడి గళ్లలోకి వెళుతుంది. దీనిలోని అసలు వజ్రం ఓటమి ఒప్పుకునే నియమం. ఎదుటివాడు పాచిక వేయకముందే ‘తగ్గుతున్నాను’ అంటే ఒక ఫేట్ పాయింటు (తరువాత అవసరానికి ఖర్చుపెట్టుకునేది) దక్కుతుంది, ఆ పోరులో తిన్న ఒక్కో గాయానికి మరొకటి దక్కుతుంది, ఎలా ఓడావో చెప్పడంలో నీ మాటకు విలువ ఉంటుంది. మొండిగా చివరిదాకా నిలిచి పడిపోతే నీ గతేమిటో గెలిచినవాడు నిర్ణయిస్తాడు. తగ్గడం పరువు తక్కువ అనుకునే ఆటగాళ్లున్న బృందంలో ఈ ఒక్క నియమం వాతావరణాన్నే మార్చేస్తుంది. మా వాళ్లలో ఒకరు ఏ ఆటలోనూ వెనక్కి తగ్గి ఎరుగరు. ఆయనే మొదటిసారి నవ్వుతూ తగ్గింది ఈ ఆటలో.

ఆటగాడి పాత్ర మరో ఆటగాడి పాత్రను ఒప్పించాలంటే? ఇది అన్నింటికంటే సున్నితమైన చోటు. ‘నా పాచిక పడింది, నువ్వు ఒప్పుకుని తీరాలి’ అన్న మాటతో స్నేహాలు బీటలువారడం చూశాను. 2010 నాటి అపోకలిప్స్ వరల్డ్ దీనికి చూపిన దారి నాకు తెలిసినంతలో అతి మర్యాదైనది. పాచిక బాగా పడితే ఎదుటి ఆటగాడి ముందు ఒక ఆశ, ఒక భయం పెడతావు: ఒప్పుకుంటే అనుభవం పాయింటు వస్తుంది, కాదంటే ఆ కాదనడమే ఒత్తిడిలో చేసే పని అవుతుంది, అంటే దానికీ పాచిక వేయాలి. ఓ మోస్తరుగా పడితే ఆ రెండింటిలో ఒక్కటే. నిర్ణయం మాత్రం ఎప్పుడూ అతనిదే. మీరు ఏ ఆట ఆడుతున్నా ఈ పద్ధతిని అరువు తెచ్చుకోవచ్చు.

మనసు గాయం

భయానకం ఆడేవారికి మొదటి చిరునామా కాల్ ఆఫ్ కతుల్హూనే. 1981 నుంచి ఉన్న ఆట. నూరు లెక్కన మనోస్థైర్యం, దాన్ని కొంచెం కొంచెంగా కొరికే దృశ్యాలు, సరళంగా, నిర్దయగా ఉంటుంది. రహస్య జ్ఞానం ఎంత పెరిగితే మనోస్థైర్యం చేరగల గరిష్ఠ హద్దు అంత తగ్గుతుంది: 99 నుంచి ఆ జ్ఞానాన్ని తీసివేయాలి. తెలుసుకున్నదాన్ని మరిచిపోలేం కదా. ఆ ఆలోచన నాకు ఇప్పటికీ గొప్పగా తోస్తుంది. కోలుకోవడానికి నెలవారీ చికిత్స ఉంది, అది ఘోరంగా బెడిసికొడితే ఆరు పాయింట్ల దాకా పోవచ్చు కూడా. కథ ముగింపులో గేమ్ మాస్టర్ ఇచ్చే బహుమతి పాయింట్లు ఉన్నాయి. పాత్ర తనకు అతి ముఖ్యమైన మనిషితోనో వస్తువుతోనో చోటుతోనో గడిపి కొంత కూడగట్టుకునే వీలు కూడా ఉంది. చివరిదాన్ని చాలా బల్లల మీద మరిచిపోతారు. ఒక్క సాయంత్రంలో ముగిసే కథకు ఈ ఆట చాలు. ఒకరోజు కథలో కోలుకోవడం గురించి ఎవరూ అడగరు. అలాంటి సాయంత్రానికే 2019లో వచ్చిన ఏలియన్ కూడా బాగుంటుంది. అందులో ఒత్తిడి పెరిగినకొద్దీ చేతిలో పాచికలు పెరిగి గెలుపు దగ్గరవుతుంది, ఆ అదనపు పాచికల్లో దేని మీదైనా 1 అంకె పడితే బెంబేలెత్తే ప్రమాదం మొదలవుతుంది.

పది సెషన్లు దాటే కథకు మాత్రం డెల్టా గ్రీన్ వైపు చూడమంటాను. అదీ నూరు లెక్క ఆటే, అదే భయానక లోకం, కాలం మాత్రం మనది. తేడా అంతా ‘బంధాలు’ అనే చిన్న గడిలో ఉంది. పాత్రకు భార్య, తండ్రి, పాత మిత్రుడు, ఇలా కొందరు ఉంటారు, ఒక్కొక్కరికీ ఒక అంకె ఉంటుంది. పాత్ర మనోస్థైర్యం నుంచి 5 పోతోందనుకోండి. ఆటగాడు కావాలంటే నాలుగు ముఖాల పాచిక వేసి ఆ దెబ్బను ఒక బంధం మీదికి నెట్టవచ్చు. 3 పడితే పోయేది 5 కాదు, 2. సంకల్పబలం నుంచి 3 ఖర్చవుతుంది, భార్యతో ఉన్న 12 బంధం 9కి జారుతుంది. ఆ రాత్రి అతను ఇంటికి వచ్చి అన్నం దగ్గర అకారణంగా అరిచాడన్నమాట.

ఒక దర్యాప్తుకూ మరో దర్యాప్తుకూ నడుమ ఇంటి దృశ్యం వస్తుంది. కుటుంబంతో గడపాలా, వైద్యుణ్ణి కలవాలా, జరిగినదాన్ని తవ్వుకుంటూ కూర్చోవాలా? ఒక్కటే ఎంచుకోవాలి. మా ఆటలో ఒక పాత్ర వరుసగా రెండుసార్లు తవ్వకమే ఎంచుకున్నాడు. మూడోసారి ఇంటికి వెళ్లేసరికి కూతురి అంకె 4. ఆ ఆటగాడు పెన్సిలుతో 4 రాసి, కాసేపు దాన్ని చూసి, ‘ఈసారి స్కూలు వార్షికోత్సవానికి వెళతాను’ అన్నాడు. అక్కడ రాక్షసుడు లేడు, తుపాకీ లేదు. అయినా ఆ రోజు బల్ల మీద అంతకంటే ఉత్కంఠగా ఏదీ లేదు.

బండబారిపోవడం కూడా గాయమే అని చూపించిన ఆట అన్‌నోన్ ఆర్మీస్. మొదటి ఎడిషన్ 1998 నాటిది. హింస, అలౌకికం, నిస్సహాయత, ఒంటరితనం, తన గురించి తనకున్న నమ్మకం, ఇలా అయిదు వేర్వేరు కొలబద్దలు. ప్రతి దానిలో రెండు వరుసలు: తట్టుకున్న గుర్తులు, తట్టుకోలేకపోయిన గుర్తులు. హింసను తట్టుకుంటూ పోయినవాడికి మూడో ఎడిషన్‌లో కొట్లాట సామర్థ్యం పెరుగుతుంది, మనుషులతో దగ్గరయ్యే సామర్థ్యం తగ్గుతుంది. సైనికుల, పోలీసుల, అత్యవసర వార్డుల్లో పనిచేసేవారి కథలు ఆడాలనుకుంటే దీనికి సాటి నాకు కనిపించలేదు. నేర్చుకోవడానికి మాత్రం ఓపిక కావాలి.

బ్లేడ్స్ ఇన్ ద డార్క్ దారి వేరు. 2017లో వచ్చిన ఈ దొంగల ముఠా ఆటలో ఒత్తిడి ఒక కరెన్సీ. మాట వల్ల తగిలే దెబ్బనైనా కత్తి వల్ల తగిలే దెబ్బనైనా ఒత్తిడి చెల్లించి తగ్గించుకోవచ్చు. తొమ్మిది గళ్లు నిండితే ఒక శాశ్వతమైన మచ్చ పడుతుంది. నాలుగో మచ్చతో పాత్ర ఈ బతుకు నుంచి తప్పుకోవాలి. ఒత్తిడి దిగాలంటే తన వ్యసనానికి వెళ్లాలి: జూదం, మత్తు, భక్తి, ఎవరికో తీర్చవలసిన బాధ్యత, ఏదైనా కావచ్చు. అవసరానికి మించి దిగితే అతి చేసినట్టు, దానివల్ల కొత్త తలనొప్పి. ఆటగా ఇది అద్భుతంగా పరుగెడుతుంది. కాని ఇక్కడ కోలుకోవడం ఎక్కువగా ఒంటరి వ్యవహారం. బృందంలో ఎవరైనా వ్యసనంతో నిజంగా బాధపడినవారు, అలాంటివారి ఇంట్లో పెరిగినవారు ఉంటే ముందే అడిగి మొదలుపెట్టండి.

టీనేజీ పిల్లలతో ఆడేవారికి మాస్క్స్. 2016 నాటి ఈ ఆటలో యువ సూపర్‌హీరోలకు దెబ్బలన్నీ భావాలే: భయం, కోపం, అపరాధభావం, నిరాశ, అభద్రత. ప్రతి ఒక్కటీ కొన్ని పనులకు రెండు పాయింట్లు తగ్గిస్తుంది. వదిలించుకోవాలంటే ఆ భావం చేయించే పని చేయాలి. కోపం పోవాలంటే ముఖ్యమైనదాన్ని పగలగొట్టాలి లేదా ఎవరినైనా నొప్పించాలి, భయం పోవాలంటే కష్టమైనదాని నుంచి పారిపోవాలి. రెండో దారి, తోటి పాత్ర ఓదార్చడం. ఓదార్పు ఫలించినా, అవతలివారు మనసు విప్పితేనే గాయం మానుతుంది. ఈ షరతు పెట్టినవారికి కుర్రతనం బాగా తెలుసు.

మళ్లీ ఫేట్ కోర్‌కు వస్తాను, ఎందుకంటే మనసు గాయం విషయంలో నేను ఎక్కువగా వాడేది ఇదే. అక్కడ గాయం అంకె కాదు, ఒక వాక్యం. చిన్నది, మధ్యస్థం, తీవ్రం. మానడం మొదలవాలంటే ఎవరైనా పాచిక వేసి వరుసగా 2, 4, 6 దాటాలి. తనకు తానే చికిత్స చేసుకుంటే ఆ అంకె మరో 2 పెరుగుతుంది. మరొకరి చేయి పడితే సులువని నియమమే చెబుతోంది. ఆ తరువాత వాక్యాన్ని మార్చి రాయాలి. మా బృందంలో ఒకరి కాగితం మీద ‘తమ్ముణ్ణి మంటల్లో వదిలేశాను’ అని ఉండేది. ఇంకో పాత్ర రాత్రంతా పక్కన కూర్చుని మాట్లాడిన దృశ్యం తరువాత అది ‘తమ్ముడి పేరు పైకి అనగలుగుతున్నాను’గా మారింది. గాయం ఇంకా ఉంది, గడి ఖాళీ కాలేదు. మధ్యస్థ గాయం కాబట్టి మరో పూర్తి సెషన్ గడిచాకే చెరిపాం.

మరి ఏది ఎంచుకోవాలి?

ఇప్పటికే డంజన్స్ అండ్ డ్రాగన్స్ కథ నడుస్తోంటే ఆట మార్చనక్కరలేదు. వైఖరుల పట్టిక తీసుకోండి. అదే పుస్తకంలో ఐచ్ఛికంగా ఉన్న మతిభ్రమణ పట్టికలను పక్కన పెట్టండి. అవి పది నిమిషాలో వంద గంటలో ఉండే విడ్డూరపు ప్రవర్తనను పాచికతో అంటగడతాయి, రెండో స్థాయి మంత్రం ఒక్కటి చదివితే చాలావరకు తుడిచిపెట్టుకుపోతాయి. కొడుకును పోగొట్టుకున్న తండ్రి దుఃఖం ఆ మంత్రంతో మాయమైన సాయంత్రం మా బల్ల మీద ఎవరికీ మాట రాలేదు. బదులుగా ఫేట్ పద్ధతిలో గాయాన్ని ఒక వాక్యంగా రాయించండి. మంత్రం వణుకును, నిద్రలేమిని ఆపుతుంది, వాక్యాన్ని మార్చేది మాత్రం మరో పాత్రతో గడిపిన దృశ్యమే అని ముందే చెప్పండి.

కుటుంబాలు, దర్బారులు, ఆస్తులు మీ కథా వస్తువైతే, నలుగురికి మించకపోతే, బర్నింగ్ వీల్. అయిదుగురు దాటితే ఫేట్. బృందంలో ఒకరిద్దరు గట్టిగా మాట్లాడి మిగతావారు తగ్గిపోతున్నా ఫేట్ వైపే మొగ్గండి. భయానకం వారాల తరబడి సాగాలంటే డెల్టా గ్రీన్, ఒక్క రాత్రికైతే కతుల్హూ. వేగం, దోపిడీ, మధ్యమధ్య పశ్చాత్తాపం కావాలంటే బ్లేడ్స్. ఏ రెండు ఆటల మధ్య ఊగిసలాడుతున్నా, ఆ రెంటిలోనూ ఓడిపోయిన ఒక దృశ్యాన్ని అరగంట ఆడి చూడండి. గెలిచే దృశ్యం అన్ని ఆటల్లోనూ బాగానే ఉంటుంది.

తెలుగులో ఆడేవారికి ఒక విన్నపం. ఆట మధ్యలో ‘వాడికి పిచ్చి పట్టింది’ అనడం మానేశాను, మీరూ మానండి. ఆ మాట మన ఇళ్లలో ఎందరి ముందు తలుపులు మూసిందో మనకు తెలుసు. ‘తట్టుకోలేకపోయాడు’, ‘అదుపు తప్పాడు’, ‘నిద్ర పోలేకపోతున్నాడు’ అంటే దృశ్యం ఇంకా స్పష్టంగా కనబడుతుంది, నటించడమూ తేలిక. జబ్బు పేరు కాకుండా లక్షణం చెప్పండి.

కథ మొదలుపెట్టే ముందు ఒక గంట కూర్చుని ఏయే విషయాలు బల్ల మీదికి అసలు రాకూడదో, ఏవి తెర వెనుకే జరిగిపోవాలో మాట్లాడుకోండి. బల్ల మధ్యలో ఎక్స్ గుర్తున్న కార్డు ఉంచండి. ఎవరు తాకినా ఆ దృశ్యం అక్కడితో ఆగుతుంది, ఎందుకని అడగకూడదు. మా దగ్గర రెండేళ్లలో మూడుసార్లే తాకారు, మూడుసార్లూ సరైన సమయంలోనే. ఆటలో పాత్ర కోలుకోవడం చూసి ఆటగాడి మనసు తేలికపడవచ్చు, అది చికిత్స మాత్రం కాదు. ఆట ముగిశాక కూడా ఎవరైనా మౌనంగా ఉండిపోతే పక్కకు పిలిచి మాట్లాడండి. అవసరమైతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సహాయవాణి 14416 నంబరు చేతికివ్వండి. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఇక కానిస్టేబుల్ సంగతి. కతుల్హూ, డెల్టా గ్రీన్ రెండూ నూరు లెక్క ఆటలే కాబట్టి ఒకదాని గడిని మరోదానిలో అతికించడం కష్టం కాదు. మరుసటి ఆదివారం ఆ స్నేహితురాలికి పాత్ర వివరాల కాగితం తిరిగి ఇచ్చి, వెనుక వైపు రెండు బంధాలు రాయమన్నాను. ఆసుపత్రిలో చేర్పించడం నా పొరపాటని, అతను ఆ రాత్రే స్టేషనుకు తిరిగి వెళ్లినట్టు అనుకుందామని చెప్పాను. ఆమె ఒక పేరు వెంటనే రాసింది: రాత్రి డ్యూటీలో తోడుండే ముసలి హెడ్ కానిస్టేబులు, 11. రెండోది రాయడానికి చాలాసేపు ఆలోచించింది. పాచికల సంచిలోంచి ఆకుపచ్చ నాలుగు ముఖాల పాచికను తీసి పక్కన పెట్టుకుని, చివరికి ‘అమ్మ’ అని రాసింది.